పది చేతుల పితికిపప్పు

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు నెల సగానికి వచ్చి, బెంగళూరులో తెల్లవారుజామున మంచు దిగడం మొదలైందంటే, కృష్ణరాజపురం మెట్రో స్టేషను మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే నన్ను ముందుగా పలకరించేది ఒక వాసన. బండి మీద కుప్పగా పోసిన అనపకాయల వాసన అది. పచ్చిగా, కాస్త ఘాటుగా, చేతికి జిడ్డులా అంటుకొని సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదలని వాసన. కన్నడంలో దానిని సొగడు అంటారు. కాయ కొనేవారు ముందు ఒక కాయను వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకొని చూస్తారు. సొగడు లేని కాయను ఇక్కడివాళ్ళు బేరం కూడా చేయరు. బండి దగ్గర నిలబడే ఆవిడది హోసకోటె పక్క పల్లె. నా మాట వినగానే ఆవిడ తెలుగులోకి దిగిపోయి, "సొగడు చూడక్కా, పొద్దున్నే కోసిన కాయ" అంటుంది. ఈ రోజు ప్రసంగంలో నేను మీతో చెప్పుకోవాలనుకున్నది ఈ కాయల గురించి, వాటి చుట్టూ మా ఇంట్లో అల్లుకున్న ఒక అలవాటు గురించి.

మాది మదనపల్లె వైపు. పెళ్ళయి ఈ ఊరికి వచ్చి పద్నాలుగేళ్ళు అవుతోంది. మహాత్మాగాంధీ రోడ్డు దగ్గర ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. ఇంట్లో మావారు, పన్నెండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయి, మా అత్తగారు, నేను. మొత్తం అయిదుగురం, అంటే పది చేతులు. ఆ లెక్కను దయచేసి గుర్తుపెట్టుకోండి.

కొన్నేళ్ళ క్రితం వరకు నా సాయంత్రాలు టిన్ ఫ్యాక్టరీ కూడలిలో బస్సులో నిలబడే గడిచిపోయేవి. వర్షం పడిన రోజున ఇల్లు చేరేసరికి చిన్నవాడు నిద్రపోయి ఉండేవాడు. 2023 అక్టోబరు 9న బైయప్పనహళ్ళికీ కృష్ణరాజపురానికీ మధ్య మిగిలిపోయిన రెండు కిలోమీటర్ల ముక్క కూడా పూర్తయి మెట్రో నేరుగా నడవడం మొదలయ్యాక, నాకు రోజుకు ముప్పావుగంట కలిసివచ్చింది. ముప్పావుగంట! ఉద్యోగానికి వెళ్ళే తల్లికి అదెంత పెద్ద కానుకో వినేవారిలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు. అయితే నెల తిరిగేసరికి నేను గమనించిన సంగతి ఒకటి ఉంది. ఆ ముప్పావుగంట ఎటు పోయిందో తెలియకుండా పోయింది. మరునాటి కూర తరుక్కోవడం, బడి బట్టలు ఇస్త్రీ చేయడం, వాషింగ్ మెషీన్‌లో రెండోసారి బట్టలు వేయడం, ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆ సమయంలో కూర్చున్నాయి. నాకు దొరికిన సమయం నాది కాకుండా ఇంటిపనిది అయింది.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. 2024లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ దేశమంతటా ప్రజలు రోజును ఎలా ఖర్చు చేస్తున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవారు సగటున రోజుకు 289 నిమిషాలు ఆ పని చేస్తున్నారనీ, మగవారు చేస్తున్నది 88 నిమిషాలనీ అందులో తేలింది. ఆ అంకెలను నేను ఆఫీసులో భోజనం వేళ చదివాను. అంకెలతోనే బతుకు వెళ్ళదీసేదాన్ని కాబట్టి వెంటనే తీసివేత చేశాను. తేడా 201 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. ఆ సాయంత్రం మెట్రోలో కూర్చున్నంతసేపూ ఆ అంకె నన్ను వదలలేదు.

కనుక ఇంటిపనిలో ఆనందముందని నేనిక్కడ మీకు చెప్పబోవడం లేదు. అలా చెప్పడం అన్యాయమవుతుంది. నేను చెప్పదలచినది ఒకే ఒక పని గురించి, ఆ పని నా ఒక్కదాని చేతిలోంచి జారి ఇంటి నడుమకు వచ్చిన ఒక శనివారం ఉదయం గురించి.

ముందుగా ఆ పని ఎలాంటిదో చెప్పాలి. మదనపల్లె, చిత్తూరు, అనంతపురం వైపువారికి ఇది కొత్త కాదు. కోస్తా జిల్లాల శ్రోతలకు కొత్త కావచ్చు. అనపకాయ చిక్కుడు జాతిదే. కాయను ఒలిస్తే లోపల మూడు నాలుగు లేతాకుపచ్చ గింజలుంటాయి. వాటిని రాత్రంతా నీళ్ళలో నానబెడితే పైతోలు సాగి వదులవుతుంది. ఉదయం ఒక్కొక్క గింజనే బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకొని నొక్కితే, లోపలి పప్పు తటాలున ఎగిరి గిన్నెలో పడుతుంది, తోలు చేతిలో మిగులుతుంది. అదే పితికిపప్పు. కొబ్బరి, ధనియాలు, అల్లం, వెల్లుల్లి, చెక్క, లవంగం నూరి వేసి ఆ పప్పుతో చేసిన కూరను వేడి రాగిసంగటిలో గుంట చేసి పోసుకొని తిన్నవారికి చలికాలం అంటే ఏమిటో తెలుస్తుంది. కానీ ఒక్కొక్క గింజనే నొక్కాలి. గింజకు గింజ. ఇంట్లో అయిదుగురు తినే కూరకు కొన్ని వందల గింజలు నొక్కాలి. ఈ పనికి యంత్రం సాయం ఏదీ మా వంటింట్లోకి ఇంతవరకు రాలేదు.

అందుకే ఎన్నో ఏళ్ళు నేను పితికిన పప్పునే కొనేదాన్ని. బెంగళూరులో అది దొరకని చోటు లేదు. కాలంలో ప్రతి కూరగాయల దుకాణం ముందూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చొని పితుకుతూ, పావుకిలో, అరకిలో సంచుల్లో కట్టి అమ్ముతుంటారు. ధర ఎక్కువే అయినా నాకు సమయం మిగులుతుంది కదా అనుకొనేదాన్ని. ఇందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ లేదు.

రెండేళ్ళ క్రితం జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు ముందుగదిలో చాప మీద మూడు కిలోల కాయలు కుప్ప పోసి కూర్చొని ఉన్నారు. సంక్రాంతి దాటిన వారం అది. తోపుడుబండివాడు చవకగా ఇచ్చాడట. నాకు ప్రాణం ఉసూరుమన్నది. మూడు నెలల లెక్కలు ముగించి వచ్చాను, కళ్ళు మండుతున్నాయి. ఆ కుప్పను చూస్తే నాకు కనిపించింది కాయలు కాదు, రాత్రి పదకొండున్నర. కానీ మా అత్తగారు నన్ను చాప మీదికి పిలవలేదు. ఆవిడ ముందు మనవరాలిని పిలిచారు, తర్వాత మనవడిని పిలిచారు, ఆ తర్వాత ఎప్పుడూ వంటింటి గడప దగ్గరే ఆగిపోయే తన కొడుకును పేరు పెట్టి పిలిచి, "రా నాయనా, చిన్నప్పుడు నువ్వే కదా అందరికంటే ముందు ఒలిచేవాడివి" అన్నారు. మావారు వచ్చి కూర్చున్నారు. నన్ను మాత్రం, "నువ్వు కాళ్ళు కడుక్కొని కాఫీ తాగి రామ్మా, కాయలెక్కడికీ పోవు" అన్నారు.

ఆ రాత్రి ఒలిచాము. ఒలవడం పొడి పని. అందరి ఫోన్లూ పక్కనే ఉన్నాయి, మధ్య మధ్య అందరమూ చూసుకుంటూనే ఉన్నాము. ఒక కాయలోంచి పచ్చని పురుగు మెల్లగా తల బయటపెట్టేసరికి చిన్నవాడు కేకపెట్టి సోఫా ఎక్కాడు. తర్వాత వాడే ఒక మూత తెచ్చి పురుగులన్నిటినీ లెక్కపెట్టి అందులో వేశాడు. పదకొండు. మూడు కిలోల కాయలు ఒలిస్తే గింజలు ఒక పెద్ద గిన్నెడయ్యాయి. నీళ్ళు పోసి మూతపెట్టి పడుకున్నాము.

నేను మీకు చెప్పాలనుకున్నది మరునాటి ఉదయం.

మా అమ్మాయి అంతకు ముందు కొన్ని వారాలుగా ఇంట్లో మాట తగ్గించింది. బడి నుంచి రాగానే గదిలోకి వెళ్ళిపోయేది. "ఏమైందమ్మా?" అని అడిగితే "ఏమీ లేదు" అనేది. "బడిలో ఎవరైనా ఏమైనా అన్నారా?" అంటే "లేదమ్మా" అనేది. నేను ఎదురుగా కూర్చొని, గడ్డం పట్టుకొని, కళ్ళలోకి చూస్తూ అడిగాను. బుజ్జగించాను. ఒకరోజు కోప్పడ్డాను కూడా. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నా నా మనసు ఆ మాట దగ్గరే ఉండేది.

శనివారం ఉదయం తొమ్మిది గంటలకు అయిదుగురం నానిన గింజల గిన్నె చుట్టూ కూర్చున్నాము. నానిన గింజ జారుతుంది, చేతులు జిగటగా తడిసిపోతాయి. ఆ చేతులతో ఫోను ముట్టుకోలేము, టీవీ రిమోటు ముట్టుకోలేము. ఇష్టమున్నా లేకపోయినా పది చేతులూ ఆ గిన్నెలోనే ఉండాలి. చూపులు కూడా గిన్నె మీదే ఉండాలి, లేకపోతే పప్పు ఎగిరి చాప దాటి పడుతుంది. పావుగంట సేపు ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు. గింజ తోలు విడిచే చిన్న చప్పుడు, పప్పు స్టీలు గిన్నెకు తగిలే చప్పుడు మాత్రమే వినిపించాయి. అప్పుడు మా అమ్మాయి తల ఎత్తకుండానే, ఎవరినీ ఉద్దేశించకుండానే, "స్కూలు బస్సులో నా పక్కన ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు" అన్నది.

నా వేళ్ళు ఆగిపోయాయి. నేను తల ఎత్తి ఏదో అడగబోయాను. మా అత్తగారు నా వైపు చూడలేదు, కానీ గుప్పెడు గింజలు తీసి నా ముందు పెట్టి, ముంజేతితో నా మోకాలిని మెల్లగా తాకారు. పితుకుతూ ఉండమని ఆ తాకిడికి అర్థం. నేను తల వంచుకొని పితికాను. ఆవిడ మాత్రం, "ఊఁ... ఎప్పటినుంచి?" అని, అదేదో వాన సంగతి అడిగినట్టు, మామూలు గొంతుతో అడిగారు.

మూడు వారాల నుంచి. ఒకటో తరగతి నుంచి పక్కపక్కన కూర్చున్న స్నేహితురాలు, కొత్తగా చేరిన మరొక అమ్మాయితో జతకట్టింది. ఈ పిల్ల బస్సెక్కేసరికి ఆ సీటు మీద పుస్తకాల సంచీ పెట్టి ఉంటుంది. "ఇది వేరేవాళ్ళకి" అంటుంది. మా అమ్మాయి వెనుకకు వెళ్ళి, చిన్న తరగతుల పిల్లల మధ్య కూర్చొని బడికి వెళ్తోంది. ఆ మాటలన్నీ ఒక్కసారిగా రాలేదు. నాలుగు గింజలకొక మాట చొప్పున, ఆగి ఆగి వచ్చాయి. ఎవరమూ తొందరపెట్టలేదు. తొందరపెట్టడానికి అక్కడ వీలే లేదు, గిన్నెలో గింజలు ఇంకా సగం ఉన్నాయి.

కాసేపటికి మావారు కూడా తల ఎత్తకుండానే, "నేను ఈ ఆఫీసులో చేరిన కొత్తలో రెండు నెలలు ఒక్కడినే భోజనం చేశాను" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు తెలియదు. రోజూ నేను కట్టిచ్చిన క్యారియరును ఆయన మెట్ల దగ్గర నిలబడి తినివచ్చేవారట. మా అమ్మాయి అప్పుడు తల ఎత్తి నాన్న వైపు చూసింది. నాన్నకు కూడా పక్కన కూర్చునేవారు లేకపోవడం అనే ఊహ ఆ పిల్లకు అంతవరకు రాలేదని ఆ చూపులో నాకు కనిపించింది. "తర్వాత ఎలా కుదిరింది?" అని అడిగింది. "ఒకరోజు ఒకాయన వచ్చి, ఆ వాసన దేనిదని అడిగాడు. మీ అమ్మ చేసిన పితికిపప్పు కూర అది" అన్నారు.

ఆ ఉదయం మేము ఏ సమస్యనూ పరిష్కరించలేదు. ఆ స్నేహం మళ్ళీ మునుపటిలా అతుక్కోలేదు. ఏప్రిల్ దాకా మా అమ్మాయి వెనుక సీట్లోనే వెళ్ళింది, కొత్త తరగతిలో వేరొక స్నేహం కుదిరింది. కానీ ఆ శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల రెండు ముద్దల సంగటి అడిగి పెట్టించుకొని తిన్నది. మూడు వారాల తర్వాత కడుపునిండా తిన్నది. తల్లిగా నాకు ఆ రోజుకు అది చాలు.

అప్పటి నుంచి నేను పితికిన పప్పు కొనడం మానేశాను. కాలం ఉన్నన్నాళ్ళూ శుక్రవారం సాయంత్రం మెట్రో దిగి కాయలే కొంటాను. మెట్రో నాకు మిగిల్చిన ముప్పావుగంటలో కొంత ఇప్పుడు ఇలా ఖర్చవుతోంది. ఈ ఖర్చును నేను మనస్ఫూర్తిగా చేస్తున్నాను.

ఈ పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలని ఉంది. సోమవారం నేను ఆఫీసుకు ఆ కూర తీసుకువెళ్తే, మా భోజనాల బల్ల దగ్గర దానికి మూడు పేర్లు వినిపిస్తాయి. కన్నడం మాట్లాడే సహోద్యోగిని దాన్ని హితికిద బేళె అంటుంది. వేలూరు వైపు నుంచి వచ్చిన తమిళ సోదరి పిదుక్కుపరుప్పు అంటుంది. నేను పితికిపప్పు అంటాను. మూడింటిలోనూ ఉన్నది నొక్కి బయటికి తీయడమనే ఒకే క్రియ. మన పాలు కన్నడంలో హాలు అయినట్టే, మన పువ్వు హూవు అయినట్టే, పితకడం హితుకడం అయింది. ఇంటికి వచ్చి ఈ మాట చెప్తే మా అబ్బాయి, "అయితే పాలు పితకడం కూడా ఇదేనా అవ్వా?" అని వాళ్ళ నాయనమ్మను అడిగాడు. ఊళ్ళో రెండు ఆవులను చూసుకున్న ఆవిడ, ఆవు పొదుగు దగ్గర వేళ్ళు ఎలా కదలాలో ఒక అనపగింజతో వాడికి చేసి చూపించారు. బెంగళూరులో పుట్టి ప్యాకెట్టు పాలు తాగి పెరిగినవాడు తెలుగు మాట ఒకదాన్ని అలా వేళ్ళతో నేర్చుకున్నాడు. నాకు అదొక పండుగ.

ఈ ఊరికీ ఈ గింజలకూ ఉన్న అనుబంధం గురించి ఇక్కడి పిల్లలందరికీ ఒక కథ చెప్తారు. వేటలో దారి తప్పిన వీరబల్లాళ రాజుకు ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టి ఆకలి తీర్చిందనీ, అందుకే ఇది బెందకాళూరు, అంటే ఉడికిన గింజల ఊరు అయిందనీ ఆ కథ. ఆ రాజు కాలానికి ఎంతో ముందే, సుమారు క్రీ.శ. 890 నాటి బేగూరు శాసనంలో బెంగళూరు అనే పేరు ఉంది కనుక, కథ చరిత్రకు నిలవదు. అయినా మా అత్తగారికి ఆ ముసలమ్మ అంటే ఎంతో గౌరవం. "రాజని తెలియకుండానే పెట్టింది చూడు" అంటారు.

ఇక ఈ పని చేసి చూడాలనుకునేవారికి నా అనుభవంలో తెలిసిన నాలుగు మాటలు చెప్తాను. కాయ కొనేటప్పుడు గింజ నిండుగా ఉబ్బినవి చూసుకోండి. మరీ లేత గింజ పితికితే నలిగిపోతుంది. నానబెట్టేటప్పుడు గింజల మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళుండాలి, గింజ తెల్లవారేసరికి బాగా ఉబ్బుతుంది. గిన్నె ఒక్కటే ఉండాలి. ఎవరికివారు చిన్న గిన్నెలు పెట్టుకుంటే ఎవరెంత చేశారనే లెక్క మొదలవుతుంది, అప్పుడు మాటలు పోతాయి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు ఏదైనా చెప్పడం మొదలుపెట్టినప్పుడు మీ వేళ్ళను ఆపకండి. ఇది మా అత్తగారు నాకు నేర్పింది. మీరు ఆపి చూస్తే వాళ్ళు కూడా ఆపేస్తారు. పితుకుతూ ఉండండి, తల ఎత్తకుండా ఊఁ కొడుతూ ఉండండి. మరొక సంగతి, ఇంటాయనను సాయానికి పిలవకండి, పనికి పిలవండి. సాయానికి వచ్చినవారు మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు. పనికి వచ్చినవారు గిన్నె ఖాళీ అయ్యేదాకా కూర్చుంటారు. మా ఇంట్లో ఇప్పుడు చాప పరిచేదీ, తర్వాత తోళ్ళు ఊడ్చి ఎత్తేదీ మావారే.

పాత రకం అనప పగలు కురచనైనప్పుడు మాత్రమే పూత పూస్తుంది. అందుకే అది చలికాలపు పంట అయింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు పగటి నిడివితో పనిలేకుండా కాసే హెబ్బాళ అవరె రకాలను రూపొందించాక, కాయలు మిగతా నెలల్లో కూడా అంగట్లో కనిపిస్తున్నాయి. నేను జూన్‌లో ఒకసారి తెచ్చాను. పప్పు బాగానే ఉంది, మంచులో తడిసిన కాయకుండే ఆ సొగడు మాత్రం లేదు. ఇప్పుడు మేము ఎండాకాలం ముందు కొత్త చింతపండుకు గింజలు తీస్తాము, వానాకాలంలో వెల్లుల్లి ఒలుస్తాము. ఏది చేసినా పిల్లలు మాత్రం అనపకాయల కాలం కోసమే ఎదురుచూస్తారు.

నిన్న సాయంత్రం బండి దగ్గర ఆ వాసన మళ్ళీ వచ్చింది. ఒక కాయ నలిపి చూశాను. ఇంకా పూర్తిగా ముదరలేదు, వచ్చేవారానికి అందుతుందని అమ్మే ఆవిడ చెప్పింది. ఇంటికి వెళ్ళి ఆ చేతిని మా అమ్మాయి ముక్కు దగ్గర పెట్టాను. పుస్తకంలోంచి తల ఎత్తి ఒక్కసారి గట్టిగా పీల్చి, "ఈసారి నా స్నేహితురాలిని కూడా శనివారం రమ్మననా అమ్మా? వాళ్ళింట్లో ఎప్పుడూ పితకలేదట" అన్నది. రమ్మనమని చెప్పాను. ఈసారి నాలుగు కిలోలు తేవాలి.

నమస్కారం.